కింది పాప

గ్రంథాలయం మేడ మీది హాల్లో నెలకోసారి ప్రకృతి గురించి మాట్లాడుకునే సభ పెడతారని తెలిసినప్పుడు వీధి వీధంతా నవ్వుకుంది. చెట్ల గురించి వినడానికి కిటికీలు మూసుకుని ఏసీ గదిలో కూర్చోవాలా అని మందుల షాపాయన కనబడినవాళ్ళందరినీ అడిగాడు. అడిగినవాడే మొదటి సభకి అందరికంటే ముందు వెళ్ళి, ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

సభలు పెట్టేది కబుర్లపిల్ల. చిన్నప్పుడు ఆమె నోటికి తాళం ఉండేది కాదు, అందుకని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు పెద్ద చదువు చదివింది, చెరువులూ వాగులూ బాగుచేసే సంస్థలో ఉద్యోగం చేస్తోంది, కళ్ళజోడు కూడా వచ్చింది. అయినా వీధికి ఆమె కబుర్లపిల్లే. మనం ఉన్నచోట మనతోపాటు ఏమేం బతుకుతున్నాయో మరిచిపోయాం, మళ్ళీ పరిచయం చేసుకుందాం అని ఆమె చెప్పేది. మొదటి నెల వీధి చివరి చెట్ల గురించి చెప్పింది. రెండో నెల పురుగుల గురించి చెబితే, దోమలతో తన పరిచయం ఏనాడూ చెడలేదని మందుల షాపాయన లేచి చెప్పాడు. మూడో సభ వాగు గురించి అని గ్రంథాలయం గోడకి కాగితం అంటించారు. ఆ కాగితం చదివి ఎవరూ నవ్వలేదు.

వాగు ఆ వీధి కిందే ఉంది. ఒకప్పుడు ఇళ్ళ ముందు నుంచి పైకి కనబడుతూ పారేది. టైలరమ్మ కూతురు మూడో క్లాసు చదువుతుండగా ఒక వానాకాలం సాయంత్రం అందులో పడిపోయింది. దిగువన వంతెన దగ్గర దొరికింది. జరగవలసినవన్నీ జరిపించారు. ఆ తరవాత టైలరమ్మ చెప్పులు అరిగేలా వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి వాగుకి మూత వేయించింది. ఈ చివర నుంచి ఆ చివరకి సిమెంటు పలకలు పరిచారు. వీధి వెడల్పయింది. వాగును చూడని పిల్లలు పుట్టి పెరిగారు.

ఒక పలక టైలరమ్మ దుకాణం గడప ముందే ఉంది. పలకను ఎత్తడానికి వీలుగా వదిలిన కన్నం ఒకటి దానికి ఉంది. మిషను తొక్కి తొక్కి ఆమె కాలు ఆపినప్పుడు, మిషను చప్పుడు ఆగాక కూడా కింద ఇంకో చప్పుడు ఒక్క క్షణం ఎక్కువ నిలిచేది. మెయిన్ రోడ్డు మీద మంచి దుకాణం ఖాళీగా ఉంది, మారమని ఎందరో చెప్పారు. ఖాతాదారులు ఇక్కడికే అలవాటు పడ్డారని ఆమె అనేది. సూది కింద పడితే వంగి, అది దొరికినా వెంటనే లేచేది కాదు.

సభకి ముందు కబుర్లపిల్ల దుకాణానికి వచ్చింది. చనిపోయిన పిల్లకి ఆమె స్నేహితురాలు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ.

“కూర్చో అమ్మాయ్. కొలతలివ్వడానికి వచ్చావా, కబుర్లు చెప్పడానికా?”

“అడగడానికి వచ్చాను అత్తా.”

“అడుగు.”

కబుర్లపిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మాటలు వెతుక్కోవడం ఆమెకి అలవాటు లేని పని. “వాగు మీద మూత తీసేద్దామని మా సంస్థ అనుకుంటోంది. మురుగు వేరే గొట్టంలోకి మళ్ళించి, మంచి నీళ్ళు పారేలా చేస్తాం. కానీ వార్డు ఆఫీసువాళ్ళు ఒకటే మాట చెప్పారు. మూత వేయించింది ఆవిడ. ఆవిడ సరేనంటే తీద్దాం, వద్దంటే ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు అన్నారు.”

టైలరమ్మ దారం కొరికింది. “నేను వద్దంటే?”

“ఎత్తను.”

“నోట్లో ఉంచుకోగలవా?”

“నీ విషయంలో ఉంచుకోగలను అత్తా.”

“సభకి వస్తాను. విన్నాక చెప్తాను,” అంది టైలరమ్మ.

ఇంట్లో ఆమె భర్తతో ఈ మాట చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. దేన్నయినా తేల్చిపారేసే మనిషి. “ప్రకృతితో మనకి పరిచయం ఎప్పుడో అయింది. మళ్ళీ కొత్తగా చేసుకోనక్కర్లేదు,” అన్నాడు. “అక్కడేముంది? మురుగు. మూసింది మూసినట్టే ఉండనీ.” అని షూ లేసు ముడి వేసుకున్నాడు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆయన వీధిలోంచి కాకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్తాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడో సభకి హాలు నిండింది. పిల్లల్ని కూడా తీసుకురమ్మని చెప్పడంతో ముందు చాప పరిచి వాళ్ళని కూర్చోబెట్టారు. టైలరమ్మ తలుపు పక్కన, చివరి వరసలో కూర్చుంది. ఆ చాప మీద ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఆమెకి తెలుసు. బడికి పోయే ముందు దుకాణం గడపలో నిలబడి, “టైలరమ్మా, ఒక గుండీ ఇవ్వవా?” అని అడిగే పిల్లలే వాళ్ళంతా. ఏదో ఆట అయ్యుంటుందని ఆమె అనుకుంది. విడి గుండీలు డబ్బాలో పోసి ఉంచేది. పిల్లలు ఎర్రవి ఏరుకునేవాళ్ళు, అందుకని ఎర్రవి వేరే డబ్బాలో పెట్టేది. రోజు మొత్తంలో ఆమె మనసారా నవ్వేది ఆ కాసేపే.

కబుర్లపిల్ల మైకు పట్టుకుని ముందుగా పిల్లల్నే అడిగింది. “మన వీధి కింద ఏముందో ఎవరికి తెలుసు?”

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. ఆమె సంతోషించింది. ముందు కూర్చున్న, రెండు పళ్ళు ఊడిన చిన్నదాని దగ్గర మైకు పెట్టింది.

“కింది పాప ఉంది,” అంది చిన్నది.

పెద్దవాళ్ళలో ఒక కుర్చీ కిర్రుమంది. కబుర్లపిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది, ఆమెకి అర్థం కాలేదు. చదువుకని, ఉద్యోగమని ఆమె చాలా ఏళ్ళు వీధికి దూరంగా ఉంది. “ఎవరమ్మా కింది పాప?”

“నీళ్ళలో ఉంటుంది. పలక మీద ఊరికే నడిస్తే కన్నంలోంచి చెయ్యి పెట్టి కాలు పట్టుకుంటుంది. తనతో ఆడుకోడానికి ఎవరూ లేరుగా. అందుకని ఏదైనా ఇచ్చి దాటాలి.”

“ఏమిస్తారు?”

“గుండీ.” చిన్నది వెనక్కి తిరిగి, చివరి వరస వైపు వేలు చూపించింది. “టైలరమ్మ ఇస్తుంది. ఎర్రదైతే ఇంకా మంచిది. కింది పాపకి ఎరుపంటే ఇష్టం.”

తలలన్నీ ఆ వేలి వెంట తిరిగి, వెంటనే మళ్ళీ ముందుకి తిరిగాయి. చిన్నదాని తల్లి లేచి బిడ్డ భుజం పట్టుకుని లాగింది. ఎందుకు లాగుతోందో చిన్నదానికి తెలియలేదు. మందుల షాపాయన నేల చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళందరికీ తెలుసని టైలరమ్మకి అప్పుడు అర్థమైంది. అన్నం తినని పిల్లకి, చెప్పకుండా బయటికి పోయే పిల్లకి, ఇన్నేళ్ళుగా ఇళ్ళల్లో ఈ మాటే చెప్పి భయపెడుతున్నారు. తన పిల్ల పేరు చెప్పి. పేరు కూడా కాదు. పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆమె లేచి నిలబడింది. ఏడుస్తుందనో, అరుస్తుందనో అందరూ అనుకున్నారు.

“ఎరుపు కాదు,” అంది టైలరమ్మ. “దానికి పసుపు ఇష్టం.”

అని తలుపు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

భర్త అప్పటికి డ్యూటీ దిగి వచ్చి భోజనానికి కూర్చోబోతున్నాడు. ఆమె కంచం పెట్టింది, నీళ్ళు పెట్టింది, ఎదురుగా కూర్చుంది. జరిగింది చెప్పింది. ఆయన మొహం ఆమె అనుకున్నట్టు మారలేదు.

“నీకు తెలుసా?”

“బడి పిల్లలు నా బస్సే ఎక్కుతారు. చెప్పుకుంటారు.”

“ఎప్పటి నుంచి తెలుసు?”

ఆయన కంచాన్ని కాస్త దగ్గరకి జరుపుకున్నాడు.

“నా చేత్తో నేనే గుండీలు ఇచ్చాను. నా పిల్లకి భయపడి దాటే పిల్లలకి. ఒక్కసారి నాతో అనలేకపోయావా?”

“అనేవాణ్ణే,” అన్నాడాయన. “గుండీ ఇచ్చేటప్పుడు నీ మొహం బాగుండేది. సందు చివర నిలబడి చూసేవాణ్ణి. ఆ ఒక్కటీ కూడా పోగొట్టడం ఎందుకని.”

ఆమె అన్నం గిన్నె దగ్గరకి లాక్కుని వడ్డించింది. ఆయనే మళ్ళీ అన్నాడు. “వద్దని చెప్పెయ్. మూత తీసి మనకి చూపించేదేముంది? మన పిల్ల అక్కడ లేదు. నేను చేతుల మీద మోసుకొచ్చాను, నాకు తెలీదా?”

“నాకూ తెలుసు,” అంది ఆమె. అంటుంటేనే, తన కళ్ళు నేల మీద వెతుకుతున్నాయని గమనించి తల ఎత్తింది.

మర్నాడు పొద్దున గడపలో పిల్లలెవరూ నిలబడలేదు. ఇళ్ళల్లో గట్టిగా చెప్పి ఉంటారు. పలక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరూ పరిగెత్తి ఒక్క గెంతులో దాటారు. పళ్ళు ఊడిన చిన్నదానికి కాళ్ళు పొట్టి, గెంతలేకపోయింది. పలక ముందు ఆగి, అటూ ఇటూ చూసి, జడ రిబ్బను విప్పి కన్నంలో వేసి దాటింది. రిబ్బను లేని జడ వీపు మీద విడిపోతుంటే బడి వైపు నడిచింది. టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఇదంతా చూసింది.

మధ్యాహ్నం కబుర్లపిల్ల వచ్చింది. గడప బయటే నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఆ మాట ఇంక ఎత్తను అత్తా. అది చెప్పడానికే వచ్చాను. పిల్లలు అలా అనుకుంటున్నారని నాకు నిజంగా తెలీదు.”

“లోపలికి రా. పలక మీద నిలబడకు, ఎవరైనా కాలు పట్టుకుంటారు.”

కబుర్లపిల్ల ఉలిక్కిపడి, అది వేళాకోళమని ఆలస్యంగా గ్రహించి, లోపలికి వచ్చి స్టూలు మీద కూలబడింది.

“మీ సంస్థకి పలుగులూ, పట్టుకునే మనుషులూ ఉన్నారా?” అని అడిగింది టైలరమ్మ.

“ఉన్నారు. ఎందుకు?”

“ఈ ఒక్క పలకా ఎత్తించు. పిల్లలందరినీ రమ్మను. నేను సరే అనలేదు, గుర్తుపెట్టుకో. ముందు చూడనీ.”

“ఏం చూస్తారు అత్తా పిల్లలు? మురుగే ఉంటుంది.”

“మురుగే చూడనీ. కింది పాపని అక్కడ పెట్టింది నేనే కదా. నేను మూత వేయించకపోతే కింద అనేదే ఉండేది కాదు.”

ఆదివారం పొద్దున కబుర్లపిల్ల సంస్థ నుంచి ఇద్దరు పనివాళ్ళు పలుగులతో వచ్చారు. పలక చుట్టూ తాడు కట్టారు. పిల్లలు తల్లుల వెనక దాక్కుని తొంగి చూస్తున్నారు. చూడాలనీ ఉంది, పారిపోవాలనీ ఉంది. మందుల షాపాయన ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి, ఇప్పటిదాకా జరిగిన మూడు సభలకంటే ఇదే మంచి సభ అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గుడ్డ సర్దుకున్నాడు. డ్రైవరు రాలేదు. రానని ముందే చెప్పాడు.

పలక ఒక పక్క లేచింది. కింది నుంచి చల్లటి గాలి వచ్చింది, ఆ వెనకే వాసన వచ్చింది. పనివాళ్ళు పలకను పక్కకి దొర్లించారు. టైలరమ్మ తాడు కింద నుంచి దూరి, ఎవరికంటే ముందు అంచున మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది.

నీళ్ళు పాదం లోతు కూడా లేవు. నల్లటి బురద మీద నుంచి మెల్లగా, కానీ ఆగకుండా పారుతున్నాయి. ఒక ప్లాస్టిక్ కవరు అడ్డం పడి వణుకుతోంది. ఆమె వెలుతురు పక్కకి తిప్పింది. తిప్పగానే ఆమె పక్కకి చేరిన చిన్నది, “జుట్టు,” అంది చిన్న గొంతుతో.

గోడ పైభాగం నుంచి నల్లగా, సన్నగా, పాయలు పాయలుగా వేలాడుతోంది. చివరలు నీళ్ళలో తడిసి అటూ ఇటూ కదులుతున్నాయి. పిల్లలు వెనక్కి తోసుకున్నారు. తల్లులు కూడా అడుగు వెనక్కి వేశారు. టైలరమ్మ కదల్లేదు. ఆ క్షణంలో ఆమెకి భయం వెయ్యలేదు. అందరికంటే తానే ఎక్కువ నమ్మిందని, నమ్మి సంతోషపడిందని, ఆమెకి తెలుసు. చెయ్యి లోపలికి చాపింది. కబుర్లపిల్ల “అత్తా,” అంటూ భుజం పట్టుకుంది. ఆమె విదిలించుకుని, వేలాడేదాన్ని గుప్పిట పట్టి పైకి లాగింది.

తడిసిన వేరు. సన్నటి పీచు, బురద.

“వీధి చివర చెట్టుది అయ్యుంటుంది,” అంది కబుర్లపిల్ల. “నీళ్ళు వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది. సిమెంటు అతుకు పగలగొట్టుకుని.”

టైలరమ్మ వేరుని వదల్లేదు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వంగి చూశారు. కొందరు ముక్కు మూసుకున్నారు. ఒకడు ఉమ్మబోతే తల్లి నెత్తిన మొట్టింది. చిన్నది మాత్రం పొట్ట మీద పడుకుని అటూ ఇటూ చాలాసేపు చూసింది.

“కింది పాప ఏది?”

“లేదమ్మా.”

“ఎక్కడికెళ్ళింది?”

ఈ ప్రశ్న టైలరమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎలా జరిగిందని అడిగారు, ఎలా ఉన్నావని అడిగారు. ఇన్నేళ్ళుగా ఆమె ‘ఆ రోజు’ అంటుంది, ‘అది లేకుండా పోయాక’ అంటుంది. ఇళ్ళల్లో పిల్లలకి చెప్పే మాటలు రెండు మూడు ఆమె నోటిదాకా వచ్చాయి. వాటిని మింగింది.

“చచ్చిపోయింది తల్లీ.”

“నిజంగానా?”

“నిజంగా. నా కూతురు. అందరం మిడతా అని పిలిచేవాళ్ళం. ఒక్క చోట నిలిచేది కాదు. ఎవరి కాలూ పట్టుకునే రకం కాదు. మాట్లాడుతుండగానే చేతికందకుండా పోయేది.”

చిన్నది ఆలోచించింది. “ఎన్నో క్లాసు?”

“మూడు.”

“నాదీ మూడే,” అంది చిన్నది. కాస్త గర్వంగా అంది. తల్లి వచ్చి ఎత్తుకుని తీసుకుపోయింది. ఆ తల్లి వెళ్తూ వెళ్తూ టైలరమ్మ మొహంలోకి చూడలేకపోయింది.

జనం పలచబడ్డారు. కబుర్లపిల్ల ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడానికి పెదవి కొరుక్కుంటోంది. టైలరమ్మ అప్పటికీ వేరు పట్టుకునే ఉంది. ఒకసారి గట్టిగా లాగి చూసింది. అది తెగలేదు, ఊడిరాలేదు.

“అప్పుడు ఆ గోడలు నున్నగా ఉండేవి అమ్మాయ్,” అంది. “రెండు పక్కలా నిలువుగా, అద్దంలా సిమెంటు. పట్టుకోడానికి ఏమీ లేదు. నీళ్ళు దాని నడుం లోతే. కాలు నిలబెట్టుకునే చోటుంటే లేచి వచ్చేది. దాని గోళ్ళు నేను చూశాను.”

కబుర్లపిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

“తెరవండి. కానీ ఆ గోడలు ఉండకూడదు. గట్టు ఏటవాలుగా ఉండాలి. గడ్డి ఉండాలి, రాళ్ళుండాలి, ఇలాంటి వేర్లుండాలి. ఎక్కడ జారినా ఒక చెయ్యికి ఏదో ఒకటి దొరకాలి. అది మీ కాగితాల మీద రాసుకోండి. ఆ ఒక్కటీ లేకపోతే నా మాట వద్దనే.”

“రాస్తాను అత్తా. మేమూ అలాగే కడదామనుకున్నాం. నువ్వు చెప్పినట్టే రాస్తాను.”

“ఏడవకు. కళ్ళజోడు పాడవుతుంది.”

పనివాళ్ళు పలక మళ్ళీ వేసే ముందు టీ తాగి వస్తామని చెప్పి వెళ్ళారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఎవరూ అటు రాకుండా తాను కాపలా ఉంటానని టైలరమ్మ చెప్పింది. కబుర్లపిల్ల ఆఫీసుకి ఫోను చెయ్యడానికి గ్రంథాలయం వైపు వెళ్ళింది. వీధి ఖాళీ అయింది.

కిందకి చూస్తే నీళ్ళు పారుతూనే ఉన్నాయి. మూత ఉన్నప్పుడు ఆ చప్పుడు మాటలా వినబడేది. ఇప్పుడు నీళ్ళ చప్పుడులా ఉంది. అంతే. తేలిగ్గా ఉంటుందేమో అనుకుంది. తేలిగ్గా లేదు. పిల్లల భయం పోగొట్టాలని వచ్చింది. పిల్లలు భయం వదిలేసి ఇళ్ళకి పోయారు. వాళ్ళతోపాటు ఇంకేదో కూడా పోయింది.

అడుగుల చప్పుడు వినబడింది. ఆమె తల తిప్పకుండానే భర్తని గుర్తుపట్టింది. ఆయన వెనక సందులోంచి వచ్చి తాడుకి అవతల నిలబడ్డాడు. తల దువ్వుకున్నాడు, డ్యూటీ లేకపోయినా షూ వేసుకున్నాడు.

“సరే అన్నావట,” అన్నాడు.

“అన్నాను.”

“మంచిదే.” కాసేపు అటూ ఇటూ చూశాడు. “ఏమన్నా కనబడుతోందా?”

“నీళ్ళు.”

“ఇంకా?”

“చెట్టు వేరొకటి. ఇంకేం లేదు.”

ఆయన తాడు దాటి రాలేదు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. దేన్నయినా తేల్చిపారేసే మనిషి, చేతుల మీద మోసుకొచ్చిన మనిషి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

“సరిగ్గా చూడు.”

అప్పుడే చూశానని ఆమె అనలేదు. టార్చి మళ్ళీ వెలిగించి, పారే నీటి వెంట వెలుతురు అందినంత దూరం చూడడానికి లోపలికి వంగింది.